వరస మార్చిన పిలుపు

ఇల్లు కదలని మనిషికే ఆ ఇంటికి ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో బాగా తెలుస్తుంది. చిల్కానగర్‌లో మా అన్న కట్టిన ఇంటి మేడమీది గదిలో ఒక నిఘంటువు అచ్చుప్రతులు దిద్దుకుంటూ గడిపిన ఏళ్లలో ఇదొక విద్య అని నాకు ఎన్నడూ తోచలేదు. నా కిటికీ కింద గేటు, గేటు పక్కన జామచెట్టు, చెట్టు కింద చెప్పులు విడిచే చోటు. చెప్పులను బట్టి మనిషిని పోల్చుకోవడం నాకు ఊరికే అబ్బిన అలవాటు. రెండువేల పదమూడు ఆషాఢంలో పోలీసులు ఆ అలవాటును వాంగ్మూలం అన్నారు.

మా అన్న బాలనర్సింహకు ఒక్కతే బిడ్డ, త్రివేణి. కెమిస్ట్రీ చదివి, నాచారంలోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేసేది. మృగశిర కార్తె వెళ్లీవెళ్లకముందు, ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, మెట్లెక్కి, కుర్చీ ఖాళీగా ఉన్నా నా పుస్తకాల దొంతర మీద కూర్చుంది.

“అత్తా, జర ఈ ఫోన్ సూడు. సదివినంక నన్నేం అడగకు.”

ఫేస్‌బుక్‌లో ముఖం లేని ఒక ఖాతా. మనిషి ఫోటో ఉండవలసిన చోట గులాబీ పువ్వు. “ఇయ్యాల నీలం చున్నీ. హబ్సిగూడల ఆటో కోసం నిలవడ్డవ్. ఎండల నల్లగైతవ్, పైలం.” ఇంకొకటి: “జవాబియ్యకుంటే మీ కంపెనీల అందరికి చెప్త నీ సంగతి.” చెప్పవలసిన సంగతి ఏదీ లేదు కనుక ఆ ఖాతా కల్పించి చెప్పింది. ప్రయోగశాలలోని తోటి ఉద్యోగులకు ఒక్కొక్కరికీ త్రివేణి గురించి రాసిన మాటలను నేను ఇక్కడ తిరిగి రాయను.

“సూపర్‌వైజర్ పిలిచి, ఇదేందో తేల్చుకున్నంకనే డ్యూటీకి రమ్మన్నడు అత్తా. వచ్చే నెల నన్ను పర్మనెంట్ చేసేదుండె.”

“ఎప్పటినుంచి ఇది?”

“అడగొద్దన్న గదా,” అని, కాసేపటికి తనే చెప్పింది. “ఏప్రిల్ ఆఖరుసంది.”

ఆ ఆదివారం కింద హాల్లో పంచాయితీ జరిగింది. మా అన్న, వదిన దుర్గమ్మ, త్రివేణి, నేను; వీళ్లతోపాటు రంజిత్. రంజిత్ మా పెద్దక్క లక్ష్మీనర్సమ్మ కొడుకు. నారపల్లిలో వాళ్ల చేన్లు ప్లాట్లయ్యాక, ఆ ప్లాట్లు అమ్మిపెట్టే పని పట్టుకున్నాడు. ప్రతి ఆదివారం మటన్ తీసుకుని మేనమామ ఇంటికి వచ్చేవాడు. త్రివేణికి వరసైన బావ. పెళ్లి మాటను ఎవరూ నోరు తెరిచి అడగలేదు. కనుక నోరు తెరిచి కాదనే వీలు కూడా ఎవరికీ లేకపోయింది.

“ఏ ముండాకొడుకో వాని చేతులు పడిపోను,” అని వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఠాణాకు పోతే బస్తీ అంత తెలుస్తది,” అన్నాడు అన్న. “ఆ ఫోనే తీసి పారేస్తే పాయె.”

“ఫికర్ జెయ్యకు మామా,” అన్నాడు రంజిత్. “ఫోన్ ఇటియ్యి మరదలా. ఉప్పల్ చౌరస్తాల మనోని షాపుంది. మొత్తం తుడిపిచ్చి కొత్తదాని లెక్క చేపిచ్చుకొస్త. పోలీసులు గిట్ల ఇంటికొస్తే ఉన్న ఇజ్జత్ పోతది.”

అతడు చెయ్యి చాపాడు. త్రివేణి ఆ చేతిని చూసి, లేచి వచ్చి, ఫోన్‌ను నా ఒళ్లో పెట్టింది.

“అత్త తాన ఉంటది.”

“ఏంది చిన్నమ్మా, ఫోన్‌ను గూడ డిక్షనరీల పెట్టి మడుస్తవా?” అని రంజిత్ నవ్వాడు. అందరం నవ్వాము. అతని మాటతీరు అలాంటిది.

మర్నాడు నేను బయటికి వెళ్లే చీర కట్టుకుని కిందికి దిగేసరికి వదిన చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. ఉప్పల్ ఠాణాలో ఫిర్యాదు రాయించాము. ఇలాంటివి చూసే సైబర్ విభాగం గచ్చిబౌలిలో ఉందన్నారు. నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటే ఆ బస్సులో అన్న మాతో ఒక్క మాట మాట్లాడలేదు, కానీ వచ్చాడు.

అక్కడి సబ్ ఇన్‌స్పెక్టర్ పేరు కొమురెల్లి. జనగామ వైపు మనిషి. కళ్లజోడును నుదుటిమీదికి తోసుకుని మొదట అడిగిన ప్రశ్న ఇది:

“ఏమన్న డిలీట్ చేసిన్రా?”

“లేదు సార్.”

“బ్లాక్ చేసినవా బిడ్డా?”

“లేదు సార్.”

“సల్లగుండు తల్లీ! వచ్చెటోళ్లంత అన్ని తుడిచేసి, ఉత్త ఫోన్ నా చేతుల పెట్టి దొంగను పట్టమంటరు. ఇల్లు అలికి ముగ్గేసి అడుగులు ఎతకమన్నట్టు.”

ఖాతా పేరు అతనికి అక్కరలేదు. పేరు పూటకొకటి మార్చుకోవచ్చు. దాని లింకులో ఉండే అంకె మాత్రం మారదు. ఆ అంకెను రాసుకున్నాడు. ఒక్కొక్క మెసేజీని అచ్చుతీయించి త్రివేణి చేత సంతకం చేయించాడు. ఆ అంకెతో అమెరికాలోని కంపెనీకి రాస్తారట. ఖాతాను ఏ ఇంటర్నెట్ కనెక్షన్‌ల మీద తెరిచారో వాళ్లు చెబుతారు. ఆ కనెక్షన్ ఎవరిదో ఇక్కడి టెలిఫోను సంస్థ చెబుతుంది.

“ఎంత కాలం పడుతుంది?” అని అడిగాను.

“వాళ్ల దయ, మన ప్రాప్తం మేడమ్. కని, మెసేజు ఆకాశంల నుంచి ఊడిపడదు. ఏదో ఒక ఇంట్లకెల్లే వస్తది.” తర్వాత త్రివేణి వైపు తిరిగాడు. “ఎంటబడుడు ఇన్నొద్దులు అల్లరి కిందనే పోయేది బిడ్డా. ఈ ఏడే దానికి సొంతంగ ఒక సెక్షన్ వచ్చింది. నువ్వు జవాబియ్యకు, ఆపకు. రానియ్యి. వచ్చింది వచ్చినట్టు ఉంచు.”

రానివ్వడమే అన్నిటికన్నా కష్టమైన పని అని ఆ తర్వాత తెలిసింది. మెసేజీ వచ్చిన చప్పుడైతే త్రివేణి ఫోన్‌ను తిరగేసి పెట్టి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేది. కంపెనీకి వెళ్లడం లేదు. నా దగ్గర కూర్చుని అచ్చుప్రతులలో తప్పులు పట్టేది, బాగానే పట్టేది.

మా బస్తీ బోనాల నాడు ఇల్లు చుట్టాలతో నిండింది. త్రివేణి పట్టుచీర కట్టి, జామచెట్టు కింద కూర్చుని కొత్తకుండకు పసుపు రాసి, వేపమండలు చుట్టింది. నెత్తిన బోనంతో ఆమె గేటు దాటుతుంటే డప్పులు మోగాయి. వదిన దిష్టి తీసింది. ఇన్నాళ్లకు ఆ పిల్ల ముఖంలో ఒక తేటదనం చూశాను.

గుడి నుంచి తిరిగొచ్చేసరికి గులాబీ ఖాతాలో ఒక ఫోటో ఉంది. త్రివేణి కుండకు పసుపు రాస్తున్నది. కింద, “అమ్మోరి లెక్కున్నవ్.”

ఇద్దరం ఆ ఫోటోను చాలాసేపు చూశాము. మనిషి పైనుంచి కనిపిస్తున్నది. జామకొమ్మ ఒకటి అడ్డుగా ఉంది. ఆ కొమ్మ అలా అడ్డుపడేది ఒక్క చోటినుంచే: నా గది ముందు మెట్ల మీద నుంచి.

“ఇంట్ల నుంచే తీసిన్రు అత్తా,” అంది త్రివేణి. కింద చుట్టాల నవ్వులు, గిన్నెల చప్పుడు. భోజనాల బంతిలో రంజిత్ ఎవరినో ఆటపట్టిస్తున్నాడు.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో ప్రకటించిన సాయంత్రం ఉప్పల్ అంతా టపాసులు పేలుతున్నాయి. ఆ చప్పుళ్ల మధ్య కొమురెల్లి మామూలు బట్టల్లో మా గేటు తెరిచి లోపలికి వచ్చాడు. చెప్పులు కావు, నల్లబూట్లు. జామచెట్టు కింద పద్ధతిగా విడిచాడు.

“కామాక్షి అంటే మీరే గద మేడమ్? ఇంట్ల నెట్ కనెక్షన్ మీ పేర ఉన్నదా?”

“ఉంది. నా పని కోసం పెట్టించుకున్నాను.”

“మెసేజులు దాంట్లకెల్లి పోయినయ్.”

అన్న లేచి నిలబడ్డాడు. “మా చెల్లె అసుంటిది గాదు సార్! దానికి పుస్తకం తప్ప లోకం తెల్వది!”

“కూసో అన్నా. నీ చెల్లె మీద అనుమానముంటే టీ తాగనీకి వస్తనా?” వదిన అందించిన కప్పు తీసుకున్నాడు. “అన్ని గాదు, కొన్నే ఇక్కడియి. తక్కినయి బయట సెల్లు మీదియి, అది దొంగ సిమ్ము. వాళ్లు లండన్ టైమేసి పంపుతరు. మన టైము కలిపి సూసిన. ఇక్కడినుంచి పోయినయన్ని ఆదివారాలే, అన్నాలు తినే యాళ్లకే. ఈ నెట్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?”

అన్న నేలవైపు చూస్తూ అన్నాడు. “చుట్టాల పిల్లలకు చెప్పిన. మా మేనల్లునికి చెప్పిన. ఇంటికొచ్చిన అల్లుడు అడిగితే నీళ్లియ్యమా సార్? గదిగూడ గట్లనే అనుకున్న.”

“మంచిగనే అనుకున్నవ్.” కొమురెల్లి కప్పు కింద పెట్టాడు. “బిడ్డా, నిన్నొక్క మాట అడుగుత. ఏప్రిల్ల ఈ గులాబిపువ్వు మొదలైంది. అది మొదలైనప్పుడు, అంతకుముందుగాల నీకు రోజు మెసేజ్ పెట్టెటోళ్లు ఎవరన్న ఆగిపోయిన్రా? మొదలైనోని ఎంబడి ఉరికితే దొరకడు. ఆగిపోయినోని ఎతకాలె.”

బయట టపాసుల జడివాన. త్రివేణి నా వైపు చూసింది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. ఆ మాట ఆమెదే కావాలి.

ఆమె ఫోన్ తెరిచి, పాత మెసేజీల దగ్గరికి జరిపి, అతని చేతికిచ్చింది. కొమురెల్లి కళ్లజోడు కిందికి దించుకుని పైకే చదివాడు. “మరదలా తిన్నవా? పో బావా. మరదలా, మామను అడుగుమంటవా? నీకు పని లేదా బావా...” కొంచెం ఆగి, వేలితో పైకి తోశాడు. తర్వాతిది నెమ్మదిగా చదివాడు. “రంజిత్ అన్నా, నువ్వు అనుకుంటున్నది నా మనసుల లేదు. ఇగనుంచి నువ్వు నాకు అన్నవే. గట్లనే పిలుస్త.”

దాని కింద ఏమీ లేదు. మర్నాటి నుంచే గులాబీ మొదలైంది.

వదిన కూతురి వైపు తిరిగింది. “నాకెందుకు చెప్పలేదే?”

“చెప్తే పెద్దత్త ఇంటికి రాకపోకలు బందైతయని.”

కొమురెల్లి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ సెక్షన్ల ఒక మాటున్నది మేడమ్. ఆడమనిషి తనకు ఇష్టం లేదని తేటగ తెలిపినంక గూడ ఎంటబడితేనే నేరం. ‘పో బావా’ అని కోర్టుల సూపెడితే వకీలు నవ్వుతడు. మరదలు పొమ్మంటే అది సరసమే గద అంటడు. కని బావను పట్టుకొని అన్న అన్నదంటే...” మిగిలిన మాట ఆ గదిలో ఎవరికీ అవసరం కాలేదు.

నేను దిద్దిన నిఘంటువులో ‘అన్న’ అనే మాట ఎదుట నిరాకరణ అనే అర్థం లేదు.

తర్వాతి పనులు కాగితాల మీద కాగితాలుగా, తొందరలేకుండా జరిగాయి. నారపల్లిలో ప్లాట్ల ఆఫీసు దగ్గర ఇద్దరు సాక్షుల ఎదుట రంజిత్ ఫోన్ తీసుకుని, కవరులో పెట్టి లక్కముద్ర వేశారు. దొంగ సిమ్ము అందులోనే ఉంది. జామకొమ్మ అడ్డుపడిన ఫోటో కూడా అందులోనే ఉన్నట్టు తర్వాత ఫోరెన్సిక్ ల్యాబ్ చెప్పింది. అరెస్టు చేసి, ఆ పూటే ఠాణా బెయిలు మీద వదిలేశారు. చట్టం అంతవరకే ఉందన్నారు. ఆదివారాలు అతడు ఎప్పుడు వచ్చేవాడో, ఎక్కడ కూర్చునేవాడో నా దగ్గర రాసుకున్నారు. కొమురెల్లి కంపెనీకి ఫోన్ చేసి, “ఫిర్యాదు చేసిన పిల్లను ఇంట్ల కూసోపెట్టుమని ఏ సెక్షన్ల ఉన్నది సార్?” అని మర్యాదగా అడిగాడట. త్రివేణి మళ్లీ డ్యూటీకి వెళ్లసాగింది.

శ్రావణమాసం మొదట్లో అక్క మేడమీదికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఆ మెట్లెక్కి ఏళ్లయింది.

“కామాక్షీ, నువ్వు నా చేతుల పెరిగినవ్. రంజిత్ ఎన్నడొచ్చిండో యాదికి లేదని చెప్పు. అంతే. అబద్ధం గూడ గాదది. ఎవరికి యాదుంటది?”

“నాకు యాదుందక్కా.”

“పుస్తకాలు సదివి సదివి మనుషులను మరిసినవే నువ్వు.”

“మరిస్తే బాగుండునక్కా.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఫ్యాను వేశాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తెలియలేదు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకోలేదు. చివరి మెట్టు దాకా నా చెయ్యి పట్టుకునే దిగింది.

రాఖీ పున్నమి పొద్దున, ఎప్పటిలాగే, అన్న చేతికి నేను రాఖీ కట్టాను. ఎప్పటిలాగే రెండోదానికి చోటు వదిలి, కొంచెం పైకి కట్టాను. గేటు చప్పుడైంది. జామచెట్టు కింద అక్క చెప్పులు, వాటి పక్కన రంజిత్ బూట్లు.

అక్క చేతిలో పళ్లెం. పళ్లెంలో కుంకుమ, మిఠాయి, రెండు రాఖీలు.

“తమ్మీ,” అంది, కూర్చోకుండానే. “ఇంటి ముచ్చట ఇంట్లనే తెంపుకుందం. ఈ ఒక్కటి నీ బిడ్డ నా కొడుక్కు కడతది. అన్న అన్నది గద, అన్నే అయితడు. కేసు వాపస్ తీసుకుంటరు. గప్పుడు ఈ రెండోది నీకు నేను కడత. బుద్ధెరిగినసంది ఒక్క యాడు తప్పలే. ఈ యాడు తప్పియ్యకు.”

పెద్దమనుషుల దగ్గర ఎవరో నేర్పిన ఉపాయమే కావచ్చు. కానీ ఆమె గొంతులో ఉపాయం లేదు. వదిన చేతులు నలుపుకుంటూ త్రివేణి వైపు చూసింది. కట్టెయ్యమని ఆ చూపు.

రంజిత్ తల వంచుకుని కుడిచెయ్యి ముందుకు చాపాడు. “తప్పైంది మరదలా,” అన్నాడు.

త్రివేణి ఆ చేతిని చూసింది. పంచాయితీ నాడు ఫోన్ అడిగిన చెయ్యే.

“నాయినా, ఇన్నవా?” అంది తండ్రితో, మెల్లగా. “ఇప్పుడు గూడ ఏమని పిలుస్తున్నడో.”

అన్న విన్నాడు. జీవితమంతా అక్క మాటకు ఎదురు చెప్పని మనిషి. చాలా మామూలు గొంతుతో అన్నాడు:

“అక్కా, నా బిడ్డ రాఖీ ఏప్రిల్లనే కట్టింది. తెంపింది నీ కొడుకు.”

తర్వాత తన చెయ్యి ఆమె ముందుకు చాపాడు. “నాకు కడితే కట్టు. దీనికి దానికి లంకె పెట్టకు.”

అక్క ఆ చేతిని చూస్తూ నిలబడింది. నేను కట్టినదాని కింద వదిలిన చోటును కూడా చూసే ఉంటుంది. పళ్లేన్ని బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగింది. రంజిత్ ఆమె వెంట వెళ్లాడు. అన్న కోసం తెచ్చిన ఆ రాఖీని వదిన దేవుని గూట్లో పెట్టింది. అన్న ఆ పూట అన్నం తినలేదు. ఆదివారాల మటన్ ఆ తర్వాత మా ఇంట్లో చాలాకాలం వండలేదు.

ఇలాంటి కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయంటారు. మాది త్వరగానే, మరుసటి వేసవిలో, తెలంగాణ రావడానికి కాస్త ముందు, ఎల్బీనగర్ కోర్టులో తేలింది. నన్ను రంజిత్ వకీలు అడిగాడు: “మేడ మీద తలుపేసుకుని ఉండే మీకు కింద ఎవరు వచ్చారో ఎలా తెలుసు?” చెప్పుల సంగతి చెప్పాను. కోర్టులో నవ్వులు వినిపించాయి. మేజిస్ట్రేటు మాత్రం నవ్వకుండా రాసుకున్నారు.

త్రివేణిని అడిగింది ఒక్కటే. “అతను మీకు వరసకు బావే కదమ్మా?”

“ఏప్రిల్ దాక సార్,” అంది.

వకీలు ఇంకేదో అడగబోయి, కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

నేరం రుజువైందన్నారు. కొన్ని నెలల జైలు, జరిమానా. పైకోర్టుకు వెళ్లేందుకు గడువిచ్చి బెయిలిచ్చారు. త్రివేణి అంతా విని, గడియారం చూసుకుని, “రెండో షిఫ్టు అందుతది అత్తా, పోత,” అని ఆటో ఎక్కింది.

వరండాలో బల్ల మీద అక్క ఒంటరిగా కూర్చుని ఉంది. రంజిత్ వకీలుతో సంతకాలకు వెళ్లాడు. అన్న గేటు దాకా వెళ్లి, రెండు చేతుల్లో రెండు టీలు పట్టుకుని వచ్చి, ఒకటి ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె కొంతసేపు అందుకోలేదు.

“చక్కెర ఏపిచ్చినవా?”

“లేదక్కా. నీ షుగర్ నాకు తెల్వదా?”

కప్పు అందుకుంటుంటే ఆమె చూపు అతని మణికట్టు మీద ఆగింది. నిరుడు నేను కట్టిన రాఖీ తాలూకు దారం, రంగంతా పోయి, ఇంకా అక్కడే ఉంది.

“ఇంక తియ్యలేదా ఇది?”

“తియ్యబుద్ధి కాలే అక్కా,” అన్నాడు అన్న. “ఒక్కటే ఉండె గద.”

అక్క బల్ల మీద కొంచెం పక్కకు జరిగింది.